ఆవరేజ్ అంటే మండిపడే తిమ్మరాయప్ప

తిమ్మరాయప్పగారికి ఆవరేజ్ అంటే గిట్టదు. ఆ మాట చెవిన పడితే చాలు, ముక్కు ఎర్రబడుతుంది.

కేజీఎఫ్‌లో మా నీళ్ల ఆఫీసుకు ఆయన పెద్ద ఇంజనీరు. నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. ఒకసారి హోటల్లో పక్కాయన్ని, "దోసె ఎట్లుండాదప్పా?" అని అడిగారు.

"ఆవరేజ్ సార్."

అంతే, లేచి నిలబడ్డారు. "బాగుండాదను, లేదా బాగలేదను. మధ్యలో ఇదేందప్పా?" ఆకలితోనే బయటికి నడిచారు. వెనకాలే నేనూ, నా ఆకలీ.

కూతురు రక్షితకు సంబంధం తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్య పాపం, "పిల్లోడు ఆవరేజ్ ఎత్తు" అన్నాడు. "మనిషిని చూపీమంటే ఆవరేజ్ చూపిస్తావా!" అని అతన్ని గేటు దాకా సాగనంపారు.

అలాంటి మనిషినీ, నన్నూ కలిపి డేటా అనలిటిక్స్ నేర్చుకోమని కోలారు పంపించారు. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ప్రభుత్వోద్యోగులకు పాఠాలు చెబుతున్నారు. మొదటిరోజే ప్రొఫెసర్ వీణగారు బోర్డు మీద 'ఆవరేజ్' అని రాశారు. నేను కళ్లు మూసుకున్నాను. తిమ్మరాయప్పగారు లేచారు.

"అమ్మా, నేను మూడు రాగిముద్దలు తింటా. నా భార్యకు ఉపవాసం. ఇద్దరం ఒకటిన్నర తిన్నట్టా?"

"కాదు సార్," ఆవిడ నవ్వారు. "మీకు అజీర్తి, ఆమెకు ఆకలి. అది బయటపెట్టడమెలాగో రేపు చెప్తాను."

మర్నాటి నుంచి ఆయన ముందు బెంచీ వదల్లేదు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి, టీ కూడా మరిచి కంప్యూటర్లో గ్రాఫులు గీస్తుంటే నేను నోరు తెరుచుకుని చూశాను.

అప్పుడే మా ఆఫీసుకు ఒక ఫైలు వచ్చింది. ఊళ్లో ఆవరేజ్‌గా అందరికీ సరిపడా నీళ్లు అందుతున్నాయి గనక ట్యాంకర్లు ఆపేయాలట. తిమ్మరాయప్పగారు అవే అంకెల్ని క్లాసుకు తెచ్చి, వీధివీధికీ విడగొట్టి గ్రాఫు గీశారు. పాత గని కార్మికుల ఇళ్ల లైన్లలో ఒక వీధి దగ్గర ఖాళీ కనిపించింది.

"సమాచారం రాలేదేమో సార్. మామూలుగా ఖాళీలు తీసేసి లెక్కేస్తాం," అన్నారు వీణగారు.

"తీసేసేముందు పోయి చూసొద్దాం రాండమ్మా."

ముగ్గురం వెళ్లాం. ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని పిల్లమ్మ అనే ముసలావిడ అరుగు మీద కూర్చుంది.

"అవ్వా, మీ వీధిలో నీళ్లెంతొచ్చేది ఎవరూ రాసుకోలేదేమి?" అడిగారు తిమ్మరాయప్పగారు.

"వస్తే కదప్పా రాసేది!"

వీణగారు ఆవిడ పక్కనే కూర్చున్నారు. ఆ అరుగు మీదే ల్యాప్‌టాప్ తెరిచి, ఊరి ఎత్తుపల్లాలను మా అంకెల మీద పరిచారు. నీళ్లు సరిగా ఎక్కని మెట్ట వీధులన్నీ ఎర్రగా తేలాయి. తిమ్మరాయప్పగారి కళ్లు మెరిశాయి. "ఇది నేర్పీమ్మా, ముందు ఇది నేర్పీ!"

మీటింగులో ఆ పటాన్ని ఆయనే గోడ మీద చూపించారు. ఒక పెద్దాఫీసరు, "కానీ ఆవరేజ్ చూస్తే..." అన్నాడు. ఇక మా సార్ పేలుతారని నేను కుర్చీ పట్టుకున్నాను. పేలలేదు.

"ఆ ఆవరేజ్‌లో పిల్లమ్మ లేదు సార్," అన్నారు మెల్లగా. "ఒకరు తప్పిపోతారనే ఇన్నేండ్లూ అరుస్తా ఉన్నాను. ఎట్లా చూపించాలో ఇప్పుడు తెలిసొచ్చింది."

ఇన్నాళ్లూ ఆ కోపం వెనక ఉన్నదేమిటో నాకప్పుడు తెలిసింది. ట్యాంకర్లు ఆగలేదు. మెట్టకు నీళ్లెక్కించే కొత్త మోటారు మంజూరైంది.

మోటారు వేసిన రోజు, పిల్లమ్మ ఇంటి ముందు కొళాయిని తిమ్మరాయప్పగారే తిప్పారు. నీళ్లు ఎంత ఉరవడిగా వచ్చాయంటే కొళాయి తల ఊడి ఆయన చేతికొచ్చింది. ఆయనా, వీణగారూ నిలువునా తడిసిపోయారు.

"స్నానం మీ ఇంట్లో చేసుకోండప్పా," అని పిల్లమ్మ ఇద్దర్నీ పక్కకు నెట్టి బిందె పెట్టింది.