రెండు కూలర్లకు తీర్పు చెప్పిన పెదనాయన

మా ఇంటికీ పెదనాయన ఇంటికీ నడుమ ఒక్క పిట్టగోడ. పెద్దమ్మకు ఏం కావాలన్నా ఆ గోడ దగ్గర నిలబడి కేకేస్తుంది. ఫోన్ చేయడం ఏనాడూ లేదు. పోయిన నెల ఒక ఉదయం ఆమె నంబరు నుంచి ఫోన్ మోగింది. "మీ పెదనాయన పోయినాడమ్మా. కాఫీ కలుపుకోని వచ్చేలోపల పోయినాడు" అంది. గొంతెత్తి పిలిచే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది. చెప్పులు వేసుకోకుండానే గోడ దాటాను.

పెదనాయన అంటే మా నాయనకు అన్న. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లకు పైగా రాయి కోసి, చదును చేసి, నునుపు పట్టినవాడు. మీలో కొంచెం వయసున్నవాళ్లు అక్షరాలు దిద్దిన పలకల్లో ఏదో ఒకటి ఆయన చేతి మీదుగా వచ్చిందే అయ్యుండొచ్చు. ఆ రాతి పొడే ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. ఇంకొంచెం దుమ్ము పీల్చినా ఉన్న ఊపిరి మిగలదని డాక్టరు చెప్పి ఆరేడేళ్లయింది. అప్పటి నుంచి రెండిళ్ల వాళ్లకూ అదే కాపలా. వీధి ఊడ్చే వేళకు ఆయన గది తలుపులు మూసేవాళ్లం, దుప్పట్లు దులపాలంటే మేడ మీదికి పోయేవాళ్లం. ఇంత కాపలా కాస్తే, ఆ మనిషిని దుమ్ములోకి దించింది చివరికి నేనే.

ఆయన గురించి చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నా, ఇక్కడ ఒక్క వేసవి సంగతి, రెండు కూలర్ల సంగతి చెబుతాను. నివాళిలో కూలర్లేమిటని నవ్వకండి. ఆయన ఎంతటివాడో నాకు తెలిసింది వాటి దగ్గరే.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. గిద్దలూరు, కనిగిరి, కొమరోలు వైపు ఫోటోగ్రాఫర్లు తీసినదంతా పంపిస్తే కోసి, అతికించి, పాటలు కలిపి ఇస్తాను. కంప్యూటర్‌లో ఈ బొమ్మల బరువంతా మోసేది గ్రాఫిక్స్ కార్డు. మోసినంతసేపూ కాగుతుంది. అందుకని దాని చిప్పు మీద ఒక రాగి పలక, ఆ పలకకు సన్నటి రేకులు, రేకుల మీద ఫ్యాను, అన్నీ కలిపి కూలర్ అని బిగిస్తారు. కార్డుతో పాటు కంపెనీ ఇచ్చే కూలర్ ఒకటి ఉంటుంది. అది చాలకపోతే దాన్ని విప్పేసి, బయట కొన్న పెద్దది పెట్టుకోవచ్చు. రెండేళ్ల కిందట మే నెలలో నా కార్డు కాగిపోయి కంప్యూటర్ దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. వీడియో సగం తయారయ్యేసరికి తెర నల్లబడేది.

అప్పుడు నా చేతిలో ఉన్నది కొమరోలు వాళ్ల పెళ్లి. పెళ్లయిన మూడు వారాలకే పెళ్లికొడుకు తాత చనిపోయాడు. పెద్దకర్మకు వచ్చే చుట్టాలందరికీ ఆ వీడియో చూపించాలని వాళ్ల ఆశ. ఆ అబ్బాయి రోజూ ఫోన్ చేసేవాడు. "అక్కా, అంతా కాకపోయినా పర్వాలేదు. మా తాత మాకు అక్షింతలు ఏసేకాడికన్నా ఇయ్యి" అనేవాడు. ఇంకా నాలుగు రోజులు ఉందనగా నేను తెప్పించుకున్న కొత్త కూలర్ వచ్చింది. మూడు ఫ్యాన్లు, చుట్టూ రంగురంగుల లైట్లు. ఒక వీడియో చూసుకుంటూ పాతది విప్పి, కొత్తది నేనే బిగించాను. పాతదానితో అరగంటైనా నడిచేది. కొత్తదానితో పది నిమిషాలకే ఆగిపోయింది. అంతా ఊడదీసి ముందేసుకుని, ఏడుపు ఆపుకోలేక అరుగు మీద కూర్చున్నాను.

"ఏందమ్మా, అట్ల కూర్చున్యావు?" అన్నాడు పెదనాయన గోడ అవతలి నుంచి.

చెప్పాను. తాత సంగతీ చెప్పాను. "నువ్వు మాత్రం రాబాకు పెదనాయనా. లోపలంతా దుమ్ము ఉంది" అన్నాను. నిజానికి ఆ పాత కూలర్ రేకుల మధ్య మా ఊరి రాతి పొడి పిండిలా పేరుకుపోయి ఉంది. ఆయన తువ్వాలు నీళ్లలో ముంచి, పిండి, మూతికి కట్టుకుని వచ్చేశాడు. పెద్దమ్మ వెనక నుంచి తిడుతూనే ఉంది. నేను గట్టిగా వద్దనలేకపోయాను. నా అవసరం అట్లాంటిది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కొత్త కూలర్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ లైట్లకు ఏమన్నా చలవ ఉందా?" అని అడిగాడు.

"లేదు, అందానికి."

"సరే, అందం కూడా ఉండాల్లే" అని, రాగి పలక మీద చూపుడు వేలు ఆనించి ఒక్కసారి మెల్లగా లాగాడు. "ఇది చదునుగా లేదమ్మా. నడుమ గుంత ఉంది."

నాకు నవ్వొచ్చింది. మొహం కనిపించేంత నునుపుగా ఉంది ఆ రాగి. అదే మాట అన్నాను. "నునుపు వేరు, చదును వేరు. జాతరలో మొహం వంకరగా చూపించే అద్దాలుంటాయి. అవి నునుపుగా లేవా?" అన్నాడు. నేను నమ్మలేదని నా మొహంలో కనిపించినట్టుంది. ఇంటికి పోయి చేతి వెడల్పు పలక ఒకటి, బలపం ఒకటి తెచ్చాడు. బలపాన్ని నీళ్లతో అరగదీసి, ఆ తెల్లటి నీళ్లను పలక మీద వేలితో పలచగా పూశాడు. దాని మీద రాగి పలకను బోర్లించి, కదలకుండా ఒక్కసారి అదిమి ఎత్తాడు. రాగి మీద నాలుగంచులకూ తెల్లగా అంటుకుంది. నడుమ మాత్రం అర్ధ రూపాయంత జాగా ఎర్రగా అట్లాగే మిగిలింది. చిప్పు ఆనుకునే చోటు సరిగ్గా అదే. కంటికి కనిపించని గుంతను వేలితో చూసిన మనిషి నా ఎదురుగా తడి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు.

అదే పలక మీద తడిపి రుద్దే గరుకు కాగితం, వాటర్ పేపర్, పరిచి, నీళ్లు పోసి, రాగిని దాని మీద ఎనిమిది అంకె వేసినట్టు తిప్పడం మొదలుపెట్టాడు. పది సార్లు తిప్పి ఆగేవాడు. ఊపిరి కూడదీసుకుని మళ్లీ పది. ఆగినప్పుడల్లా ఆయన భుజాలు ఎగిరెగిరి పడేవి. నేను చూడలేక చేతిలోంచి లాక్కున్నాను. లాక్కోనిచ్చాడు. "బరువు వెయ్యబాకు. దాని బరువుతో దాన్ని పోనియ్యి. నీళ్లు ఆరనియ్యబాకు" అని పక్కన కూర్చుని చెబుతూ ఉన్నాడు. కాసేపటికి మెల్లగా, "మేము పొడిగా కోసినాము రాయిని, చానా ఏండ్లు. తడిపి కొయ్యాలని చెప్పేవాళ్లు లేకపోయిరి" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నాకు వచ్చింది కోపం. ఎవరి మీద చూపాలో తెలియక రాగిని రుద్దుతూ ఉన్నాను.

మూడోసారి బలపం నీళ్ల మీద అదిమితే రాగి అంతటా తెలుపు అంటింది. తుడిచి, ఆరబెట్టి, బిగించాం. ఈసారి గంట నడిచింది. తర్వాత వేడి మళ్లీ మెల్లగా ఎక్కసాగింది. పెదనాయన లేచి, కంప్యూటర్ డబ్బా వెనక ఒకసారి, పక్కన ఒకసారి అరచెయ్యి పెట్టి చూశాడు. "పాతది ఉన్నప్పుడు వెనక నుంచి వేడి గాలి కొట్టేదా?" అని అడిగాడు. కొట్టేది. ఆ గాలికి నా కాళ్లు కాలేవి కూడా. "ఇది కొట్టడం లేదు చూడు. పాతది ఒక్క ఫ్యానే అయినా వేడిని బయటికి నెట్టేసేది. కొత్తది మూడు ఫ్యాన్లతో విసురుతాంది గానీ, వేడినంతా ఈ డబ్బాలోనే తిప్పుతాంది. నువ్వేమో దుమ్ము పడుతుందని డబ్బాకు చీర కప్పి పెట్టినావు."

కప్పాను. మా ఊళ్లో టీవీకీ, మిక్సీకీ, కుట్టుమిషనుకూ కూడా పాత చీర కప్పుతాం. దుమ్ముకు భయపడి ఊపిరే ఆడకుండా చేశానని అప్పటిదాకా తట్టలేదు. చీర తీసేసి, డబ్బా పక్క రేకు విప్పి, వీధి గదిలోంచి పెరటి వైపు గదికి మార్చాం. ఆ మధ్యాహ్నం బయట మనుషులు తిరగలేనంత ఎండ. లోపల వీడియో ఒక్కసారి కూడా ఆగకుండా చివరిదాకా వచ్చింది. తాత వణికే చేతులతో అక్షింతలు వేసే చోట పెదనాయన తెరకు దగ్గరగా వంగి చూశాడు. "మంచిగా పడినాడు" అన్నాడు. పెద్దకర్మకు ఒక రోజు ముందే వాళ్లకు ఇచ్చేశాను.

ఎవరైనా అక్కడితో ఆపేస్తారు. మరుసటి వారం పెదనాయన వచ్చి పాత కూలర్ ఏదని అడిగాడు. చెత్తలో వేద్దామని సంచిలో పెట్టానని చెప్పాను. "పారేయబాకు. దాన్ని దుమ్ముతో పరీక్ష పెట్టినావు, కొత్తదాన్ని శుభ్రంగా పెట్టినావు. అది న్యాయమా?" అన్నాడు. నాకు విసుగొచ్చింది. నడిచేదాన్ని మళ్లీ విప్పడం ఎందుకని కసిరాను కూడా. ఆయన వినలేదు. కడిగేటప్పుడు ఆయన తన ఇంటి గుమ్మం దాటకూడదని షరతు పెట్టి, ఫ్యాను విప్పి పక్కన పెట్టి, రేకుల్ని పెరట్లో నేనే నీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టాను. అప్పుడు పెట్టించాడు అసలు పరీక్ష. అదే గది, అదే మధ్యాహ్నం వేళ, అదే వీడియో ముక్క. ఒక రోజు పాతది, ఒక రోజు కొత్తది. డబ్బా తెరిచి ఒకసారి, మూసి ఒకసారి. తెర మీద చూపించే డిగ్రీలు నేను చదువుతుంటే ఆయన పలక మీద రెండు గళ్లు గీసి రాసుకున్నాడు.

డబ్బా తెరిచి ఉంటే కొత్తది బాగా గెలిచింది, చప్పుడు కూడా తక్కువ. మూసి ఉంటే పాతదే మేలు. అంతవరకు నేను పాతదాన్ని చేతగానిదనీ, తర్వాత కొత్తదాన్ని మోసమనీ తిట్టి ఉన్నాను. రెండూ అబద్ధమే. "ఏది మంచిదని అడగబాకమ్మా. ఏడ పెడతావో చెప్పు, అప్పుడు చెప్తా" అన్నాడు పెదనాయన. ఇప్పుడు గిద్దలూరు వైపు ఎడిటర్లు ఎవరైనా ఏ కూలర్ కొనాలని ఫోన్ చేస్తే నేను చెప్పేది ఆ మాటే. చాలామంది నన్ను పెద్ద తెలివిగలదాన్ని అనుకుంటున్నారు.

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంగ్లీషులో ఆ కూలర్ పేరు కూడా చదవలేడు. ఒక ప్రాణం లేని వస్తువుకు కూడా అన్యాయం జరగకూడదని రెండు వారాలు నా వెంట పడ్డాడు. ఇంతకంటే గొప్పగా ఆలోచించిన మనిషిని నేను చూడలేదు. ఈ మాట ఆయన ముందు అనివుంటే, "ఊరుకో, పని చూసుకో" అనేవాడు.

ఈ ఏడాది మొదట్లో ఆయనకు నాలుగడుగులు వేస్తే ఊపిరి అందడం మానేసింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఒకటి అద్దెకు తెచ్చాం. తెచ్చినతను దాన్ని గది మూల గోడకు ఆనించి పెట్టి పోయాడు. పెదనాయన ముక్కుకు గొట్టంతోనే మంచం మీది నుంచి చెయ్యి చాపి, దాని వెనక తడిమి, "జానెడు ముందుకు లాగమ్మా. దానికి ఆడటం లేదు" అన్నాడు. లాగితే దాని చప్పుడు సన్నబడింది. తర్వాత ఆయన నిద్రపోయాడు, నేను ఆ చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాను. ఆ వేసవిలో నా గదిలోకి రాకుండా ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేవాడేమో అని ఒకసారి అడిగేశాను. "పిచ్చిదానా. ముప్పై ఏండ్ల పొడి లోపల పెట్టుకోని నీ చిటికెడు పొడికి చస్తానా?" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆ జవాబు నా కోసం చెప్పాడని తెలుసు. అయినా పట్టుకునే ఉన్నాను.

ఆయన పోయిన మూడో రోజు, మిషన్ తీసుకుపోవడానికి అద్దెకిచ్చినతను వచ్చాడు. గాలి లోపలికి పోయే చోట దుమ్ము ఆపడానికి స్పాంజి ముక్కలు రెండుంటాయట, ఒకటి లోపల, ఒకటి మార్చుకోవడానికి. రెండోది కనిపించడం లేదన్నాడు. పెద్దమ్మ పెరటి వైపు చూపించింది. "ఆయన పోయిన పొద్దున్నే కడిగినాడయ్యా. నేను కడుగుతానన్నా వినలా. ఇది నా తర్వాత ఇంకొకరికి పోతాది, నా దుమ్ము వాళ్లకెందుకు అన్నాడు" అంది.

నేను వెళ్లాను. మంచం దగ్గరి నుంచి పెరటి గోడకు పాతిక అడుగులుంటాయి. గోడ మీద ఎండ పడే చోట అరచేయంత నల్లటి స్పాంజి ముక్క పరిచి ఉంది, గాలికి పోకుండా మీద ఒక చిన్న రాయి. రాయి తీసి, దాన్ని కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. ప్రతి చిల్లులోంచీ ఆకాశం కనిపించింది.