అప్పా పేరు

మా అమ్మకు పాన్ కార్డు కావలసి వచ్చింది వాళ్ళ నాయన తొందర వల్ల. తన ఊరు వెల్లిచందైలో బావి పక్కనున్న చేను కూతురి పేరున రాసివ్వాలని మా తాత పట్టుపట్టాడు. మామలిద్దరూ సరేనన్నారు. పత్రం రాసే ఆయన మాత్రం అమ్మకు పాన్ కార్డు ఉండి తీరాలన్నాడు. తాతకు అప్పటికే నాలుగడుగులు వేస్తే ఆయాసం. "కార్డు వచ్చేదాకా ఎముడు కాసుకోనుంటాడా?" అని ఆయన నవ్వేవాడు. అమ్మకు నవ్వు వచ్చేది కాదు. "నాయనకు కూసోని యేలిముద్ర ఏసే సత్తువ ఉండంగానే రావాల మే," అని పొద్దస్తమానం నా ప్రాణం తీసేది.

ఆన్‌లైన్లో పెడితే త్వరగా వస్తుందని ఎవరో చెబితే, ధర్మపురి బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటరుకు తీసుకుపోయాను. అది నడిపే తమిళావిడది దాదాపు నా ఈడే. నాకా, ఓపిక తక్కువ. కంప్యూటరు పేజీ తెరిచేలోగా కుర్చీలో నేను కుదురుగా ఉండలేకపోయాను. అమ్మ మాత్రం అక్కడే ఫోటో తీస్తారేమోనని పట్టుచీర కట్టుకొని వచ్చి, బిగుసుకొని కూర్చుంది.

"అప్పా పేర్ సొల్లుంగమ్మా," అంది ఆవిడ, అప్పా పేరు, అంటే తండ్రి పేరు చెప్పమని.

అమ్మ సిగ్గుతో తల వంచుకొని నన్ను మోచేత్తో పొడిచింది. "నువ్వు చెప్పు మే. నా నోటితో చెప్పిస్తావా?"

తమిళుల ఊళ్ళలో ఉన్నా, మా తెలుగిళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. నన్ను బడిలో వేసిన నాటి నుంచి ఎవరు "అప్పా పేరు" అడిగినా అది నా అప్పా పేరే, అంటే అమ్మకు మొగుడి పేరు. రేషన్ కార్డులో, ఓటరు కార్డులో, ఆఖరికి అమ్మ పేరు ముందుండే ఇనీషియల్లో ఉన్నదీ అదే. నేను అలవాటు ప్రకారం గడగడా మా నాన్న పేరు చెప్పేశాను.

ఆవిడ టైపు కొట్టబోయి ఆగింది. తెర మీద రాసి ఉన్నది మళ్ళీ చదువుకొని, పెళ్ళయినవాళ్ళయినా సరే, వాళ్ళను కన్న తండ్రి పేరే పెట్టాలంది.

అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మా నాయన పేరా? ఈళ్ళకెందుకంట?"

"నీ కార్డులో ఏసేదానికి అమ్మా."

పెళ్ళయి వచ్చినాక ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అమ్మ కొంగు సర్దుకొని, వీధిలోకి వినబడేలా చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఇక్కడ రాసేదంతా ఇనీషియలే కాబట్టి, సంబంధాలు మాట్లాడేటప్పుడు తప్ప మా ఇంటిపేర్లు గడప దాటవు. తమిళావిడకు ఆ పేరు ఒక పట్టాన పట్టుబడలేదు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అమ్మ విసుక్కోకుండా చెప్పింది.

ఇక రుసుము కట్టాలి. అది క్రెడిట్ కార్డుతోనే అవుతుంది; ఆ కార్డు మా వంశంలోనే ఎవరికీ లేదు. ఆవిడ తన కార్డే తీసి నంబరు కొట్టింది. తెర మీద గుండ్రం తిరుగుతూ ఉండగానే కరెంటు పోయింది.

"సచ్చినాం పో!" అన్నాను.

కట్టినట్టా, కట్టనట్టా? ఇంకొకరైతే రేపు రమ్మని పంపేసేవాళ్ళు. ఆవిడ గాలి వచ్చే చోటికి కుర్చీలు జరిపి, టీ తెప్పించి, కరెంటు వచ్చేదాకా అమ్మ చెప్పే తాత కబుర్లన్నీ విన్నది. తర్వాత చూస్తే డబ్బు చేరే ఉంది. అచ్చువేసిన కాగితానికి ఫోటో అంటించి, అమ్మ చేత తమిళంలో సంతకం పెట్టించి, పోస్టులో పంపే కవరు మీద చిరునామా కూడా తనే రాసిచ్చింది. ఆ అంగడి ఇప్పుడు లేదు. అయినా ఆ దారిన పోయినప్పుడల్లా ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకుంటాను.

తాత ఇంకా లేచి కూర్చోగలిగిన రోజుల్లోనే కార్డు వచ్చింది. మామలు ఆయనను కారులో రిజిస్టరు ఆఫీసుకు తెచ్చారు. వేలిముద్ర వేసి, పని ముగించుకొని, వరండాలో బెంచీ మీద ఆయాసం తీర్చుకుంటూ, "ఏదీ, నన్నింత కాలం కాయబెట్టిన ఆ కార్డు చూపీమ్మా," అన్నాడు.

ఆయనకు చూపు ఆనదు. బొటనవేలి సిరా అంటుకోకుండా అంచు పట్టుకున్నాడు. నేను ముందే చూపించి ఉన్న చోట అమ్మ వేలు పెట్టింది.

"ఇది నా పేరు. దీని కింద నీ పేరు."

"నా పేరా? మీ ఇంటాయన పేరు కదా ఉండాల?"

"లేదు నాయనా. ఎవురి కూతురివని అడిగినారు. చెప్పినాను."

తాత కార్డును కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, మళ్ళీ అమ్మ చేతికిచ్చాడు.

"చదువు," అన్నాడు.

ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాని మా అమ్మ, ఇంటిపేరుతో సహా చదివింది.

"ఇంగోసారి చదువమ్మా," అన్నాడు తాత.