మార్గరెట్ తోటలో నాలుగు కట్టల తోటకూర

మా ఆవిడ ఉద్యోగానికి నా చేతులతో నేనే నీళ్లొదలబోయిన రోజొకటుంది. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మీరు నవ్వుకోండి, పర్లేదు. మా ఇంట్లో అందరూ ఆ పనే చేస్తారు.

రెండు వేల ఐదు, ఫిబ్రవరి. దేశం విడిచొచ్చి, పాపకూర అనే ఈ ఊళ్లో కాపురం పెట్టి ఆర్నెల్లయింది. శారదకి కాల్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది గానీ, మూడు నెలలు పని చూశాకే పర్మనెంట్ చేస్తామన్నారు. చెప్పాల్సింది వాళ్ల మేనేజర్ మార్గరెట్. సోమవారం చెబుతానందట. ఆ ముందు ఆదివారమే, పల్లెలో ఉన్న తన ఇంటి తోటని నలుగురూ చూడ్డానికి తెరుస్తూ మమ్మల్నీ పిలిచింది. భూగోళానికి కింది వైపున్న ఈ దేశంలో ఫిబ్రవరి అంటే వేసవి; జనం కార్లేసుకుని ఇలా ఒక్కో తోటా చూసుకుంటూ తిరుగుతారు.

దారి పొడుగునా శారద ఒకటే పాఠం.

“ఏమండీ, అక్కడ కాస్త బుద్ధిగా ఉండండి.”

“నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?”

“చిన్నపిల్లలైతే చెబితే వింటారు.”

తోటంతా గులాబీలే. వచ్చినవాళ్లు లైబ్రరీలో ఉన్నట్టు గుసగుసగా మెచ్చుకుంటున్నారు. నాకేమో విసుగు. ఇంత నేల పెట్టుకుని ఒక్క వంగ మొక్క వెయ్యకపోవడమేమిటండీ! అంతలో గోడవారగా కనిపించింది ఎర్ర తోటకూర. లేతగా, మోకాలెత్తున, మడి నిండా! ఆర్నెల్లుగా ఫ్రోజెన్ పాలకూరతో చచ్చిపోయిన నా నాలిక ఒక్కసారిగా లేచి కూర్చుంది.

శారద టీ బల్ల దగ్గరుంది. మార్గరెట్ అటుగా వెళ్తోంది. మెడలో కెమెరా వేలాడుతుండగా, ఆ మడి చూపిస్తూ వినయంగా అడిగాను.

“కెన్ ఐ పిక్?”

ఆవిడ ముఖం వెలిగిపోయింది. “ఆఫ్ కోర్స్, డియర్! ఆజ్ మెనీ ఆజ్ యూ లైక్! ట్రై టు గెట్ ద హోల్ బెడ్ ఇన్!”

ఎన్ని కావాలంటే అన్నట! మడంతానట! ఆ చివరి ‘ఇన్’ ఏమిటో అర్థం కాలేదు. కారు డిక్కీలోకి కాబోలనుకున్నాను.

ప్యాంటు మడిచి కూర్చున్నాను. వేళ్లతో సహా లాగడం, మట్టి దులపడం, కట్ట కట్టడం. తాడు లేకపోతే పక్క గులాబీ కొమ్మకి కట్టిన నాడాలు విప్పుకున్నాను. పావుగంటలో నాలుగు కట్టలు తయారు. చూస్తున్న ముసలాయన ఒకాయన నన్ను తోటమాలి అనుకుని, గులాబీలకి ఏం ఎరువేస్తావని అడిగాడు. ఆవు పేడ అన్నాను.

టీ కప్పుతో శారద వచ్చింది.

“ఏమండీ! ఏం చేస్తున్నారు?”

“ఆవిడే పీక్కోమంది. మొత్తం!”

“అయ్యో! అవి అందానికి వేసుకున్న మొక్కలండీ! విత్తనం నుంచి పెంచానని అక్కడ అందరికీ గొప్పగా చెబుతోంది ఆవిడ. చూపిస్తానని వాళ్లని వెంటబెట్టుకొస్తోంది!”

వచ్చేశారు, పదిమంది. మార్గరెట్ బోసి మడిని చూసింది, కట్టల్ని చూసింది, వంగిపోయిన గులాబీల్ని చూసింది.

“ఐ థాట్ యూ మెంట్ ఫొటోస్,” అంది, నా మెడలో కెమెరా చూపిస్తూ.

పిక్ అంటే ఇక్కడ ఫొటో కూడానట! మడంతా ‘ఇన్’ అన్నది ఫొటోలోకట! కోసుకోవడానికీ ఫొటోకీ ఒకే మాట పెట్టుకున్న ఇంగ్లీషుని ఏమనాలి? సారీ చెప్పి ఊరుకున్నానా అంటే, అదీ లేదు. “విత్ దాల్, వెరీ టేస్టీ,” అన్నాను. శారద కళ్లు మూసుకుంది.

కారులో ఆమె ఏడుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఉద్యోగం కోసం ఎంత కష్టపడిందో నాకు తెలుసు. మర్నాడు ఆఫీసులో కూర్చున్నానన్న మాటే గానీ, ఒక్క పనీ సాగలేదు. సాయంత్రం తను ఇంట్లోకి రాగానే ఎదురెళ్లాను.

“ఏమంది?”

“పర్మనెంట్ చేసింది.”

“కోపం లేదూ?”

“పెళ్లయి ఎన్నేళ్లని అడిగింది. ఆరేళ్లన్నాను. ఆ మనిషితో ఆరేళ్లు వేగినదానికి మా కస్టమర్లు ఒక లెక్కా అని సంతకం పెట్టేసింది.”

కాబట్టి సకల తోటల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి తోటకెళ్లినా జేబుల్లోంచి చేతులు తియ్యను. శారదకి ప్రమోషన్ అవసరమైతే తప్ప.