మావగారి జెముడు మొక్కలు

మావగారి ముందు ఎవరు మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నా, ఆయన కంగారుగా లేచి తన కుండీలకి అడ్డంగా నిలబడేవారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆ మనిషి ఇంట్లో అన్నీ ఎడారి మొక్కలే. చుట్టాలు కుర్చీలో కూర్చునే ముందు ముళ్ళున్నాయేమోనని చేత్తో తడిమి చూసుకునేవారు. వాన పడితే ఆయన గొడుగు పట్టేది తనకి కాదు, వాటికి.

కొత్తకోడలికి మొదటి రోజే పాఠం మొదలైంది.

"ఇది బ్రహ్మజెముడు. నీళ్ళు ఆవిరైపోతాయని ఆకుల్ని ముళ్ళుగా మార్చేసుకుంది. ఆ బొచ్చుది చూశావా? ఒళ్ళంతా తెల్లనూలు కప్పుకుని ఎండని తోసేస్తుంది. పగలంతా ఊపిరి బిగబట్టి, చల్లబడ్డాక గాలి పీలుస్తాయమ్మా ఇవి!"

"మరి నీళ్ళు, మావయ్యగారూ?"

"ఆ మాట వాటి ముందు ఎత్తకు!"

కంటి ఆపరేషన్‌కి అత్తగారితో కలిసి నెల్లాళ్ళకి కూతురింటికి వెళ్తూ, "మధ్యలో ఒక్కసారి, తలా ఒక్క గ్లాసు. అంతే" అని మొక్కలు కోడలికి అప్పగించారు. ఆమె పని రక్తపరీక్షల ల్యాబ్‌లో. జ్వరాల కాలం కావడంతో ఇంటికొచ్చి నడుం వాల్చడమే గగనమైంది. ఆ ఒక్క గ్లాసూ మర్చిపోయింది. వాళ్ళొచ్చే రోజు పొద్దున చూస్తే, ఆయన ప్రాణంగా పెంచుకున్న ఆకుజెముడు మోడై నిలబడి ఉంది. కిందంతా ఎండుటాకులు.

"చంపేశాను" అంది భర్తతో.

"పోనీ, ఆకులు జిగురుతో అంటిద్దామా?" అన్నాడతను. ఆమె చూసిన చూపుకి గబగబా చీపురందుకున్నాడు.

మావగారు నల్లకళ్ళద్దాలతో ఆటో దిగి, తిన్నగా కుండీ దగ్గరికెళ్ళి కాడని గోటితో గిల్లారు. తెల్లటి పాలు బొట్టుకట్టాయి.

"ఆ చెయ్యి కంటికి పెట్టకండి!" అని అత్తగారు వెనకనుంచి అరిచారు.

"చావలేదమ్మా!" అన్నారాయన కోడలితో. "నీళ్ళు చాలవని ఆకులు వదిలించుకుంది. కాస్త తడి తగలగానే మళ్ళీ చిగురేస్తుంది. ఒక్క గ్లాసూ పోయలేదు కదూ?"

"మర్చిపోయానండీ."

"శభాష్!"

కోడలు హమ్మయ్య అనుకుని పక్కనున్న కుర్చీలో కూలబడింది, తడిమి చూసుకోకుండానే.

అత్తగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఒకప్పుడు ఈ ఇంట్లో అన్నీ గులాబీలేనే. ఈయన విద్యార్థుల్ని వెంటేసుకుని ఊళ్ళు తిరిగేవారు. నేనేమో ఆస్పత్రిలో నర్సుని. డ్యూటీల మీద డ్యూటీలు పడి నీళ్ళు పోయలేక, ఎండిపోయిన ప్రతి మొక్కకీ కూర్చుని ఏడ్చేదాన్ని. ఓ రోజు ఉన్నట్టుండి గులాబీలన్నీ పక్కవాళ్ళకిచ్చేసి, ఎడారి మొక్కల మీద పిచ్చి పట్టిందన్నారు. అప్పటిదాకా ఆయన నోట వాటి పేరే వినలేదు నేను."

కోడలికి నవ్వాగలేదు. "మావయ్యగారూ, మీకసలు గులాబీలంటే ఇష్టమటగా?"

"ఎవరన్నారు?" ఆయన నల్లద్దాలు సర్దుకుంటూ అటు తిరిగిపోయారు. "ముళ్ళుంటాయి కదా అని... ఏదో, కొంచెం."