చక్కెర పేర్లంటే చక్కెరకు పెట్టిన పేర్లు కావు

నేను లచ్చమ్మను. డెబ్బై నాలుగేళ్లు. చిట్యాల దగ్గర మా ఊరు. ఇంట్లో కొడుకు, కోడలు రజిత, అయిదో తరగతి చదివే మనుమరాలు మౌనిక, రెండు బర్రెలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే రజిత ఫోనులో రాస్తోంది. నా మాటను మెత్తగా మార్చవద్దని ముందే చెప్పాను.

మా చిన్నప్పుడు... కాముని పున్నమి పది రోజులుందనగానే మా ఇంట్లో పాకం వాసన మొదలయ్యేది. ఇప్పుడు దాన్నే హోలీ అంటున్నారు. మా బాపు, అంటే మా నాయన, చక్కెర పేర్లు పోసేవాడు. పేరు అంటే మాకు దండ. తెల్లటి చక్కెర బిళ్లల దండ. కొత్తగా పుట్టిన బిడ్డకు మొదటి కాముని పున్నమి వస్తే మేనమామ ఎండుకొబ్బరి కుడుకలు, ఈ పేర్లు తెచ్చి మెడలో వేయాలి. వేయని మేనమామను ఏడాదంతా దెప్పేవారు...

బాపు కొయ్య అచ్చులను ముందుగా నీళ్లలో నానబెట్టేవాడు. లేకపోతే పాకం అంటుకుపోతుంది. అచ్చు మధ్యలో దారం పరిచి, రెండు చెక్కలూ బిగించి, పైనుంచి పాకం పోసేవాడు. దారం పరిచే పని నాది... చిన్న వేళ్లు కదా.

ఒక ఏడాది ఆటల ధ్యాసలో ఒక అచ్చుకు దారం పెట్టడం మరిచాను. విప్పితే బిళ్లలన్నీ విడివిడిగా రాలాయి. ఇక వీపు విమానం మోతే అనుకున్నాను. బాపు ఒక బిళ్ల తీసి నా నోట్లో పెట్టాడు. "దారం లేకుంటే గిది బిళ్లనే పిల్లా, పేరు గాదు" అన్నాడు. అది కరిగేదాకా నేను మాట్లాడలేదు. నా జన్మలో నేను నోరు మూసుకున్నది అదొక్కసారేనని రజిత నవ్వుతోంది. నవ్వనీ.

ఇక అసలు సంగతి... శనివారం మౌనిక వాళ్ల బడిలో ప్రదర్శన ఉంది. మిఠాయి ఎట్లా పుట్టిందో అట్ట మీద రాసి, నిలబడి చెప్పాలట. పిల్ల నన్ను అడిగింది. చెప్పాను.

మొదట మనిషి చెరుకు నమిలాడు. తర్వాత రసం తీసి కాచాడు, బెల్లమైంది. దాన్ని ఇంకా తేటపరిస్తే చక్కెర. చక్కెర పాకాన్ని కదపకుండా ఉంచితే గడ్డకట్టి కలకండ. అచ్చులో పోస్తే పేరు. సీసాల్లో పిప్పరమెంట్లు, కాగితం చుట్టిన చాక్లెట్లు మా ఊరికి ఆ తర్వాతే వచ్చాయి. రజిత ఫోనులో చూసి ఇంకో మాట చేర్చింది. వెనుకటికి మన దేశంలో చక్కెర ముక్కలను ఖండం అనేవారట. ఆ మాట వర్తకుల వెంట పారశీకం పోయి, అరబ్బుల నోళ్లలో పడి, ఊళ్లన్నీ తిరిగి ఇంగ్లీషులో క్యాండీ అయిందట!

పిల్ల అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. చివర "కాముని పున్నమికి పిల్లల మెడలో చక్కెర పేర్లు వేస్తారు" అని రాసింది.

సారు ఆ మాట మీద ఎర్రగీత కొట్టాడు. పక్కన "ఏ పేర్లు? మెడలో పేర్లు ఎలా వేస్తారు?" అని రాశాడు. పైగా తరగతిలో చదివి వినిపించాడట. పిల్లలంతా ఘొల్లుమన్నారట. మొన్న మొన్నటిదాకా మెడలో పేర్లు వేసుకుని చప్పరించిన పిల్లలు... వాళ్లూ నవ్వారు. నా కడుపుమంట అదీ.

మర్నాడే బడికి పోయాను.

"సారూ, గిదెందుకు కొట్టేసినవ్?"

"పేరు పెట్టి పిలుస్తారు గానీ మెడలో వేస్తారా అవ్వా?" అన్నాడు. ఆయనది మా వైపు కాదు.

"ఏస్తం. ముత్యాల పేరు అంటే ముత్యానికి పెట్టిన పేరా? దండ సారూ, దండ!"

ఆయన అట్ట మీది ఆ మాటను మళ్లీ చదివాడు. "నాకు తెలియదవ్వా. పుస్తకంలో కూడా లేదు."

"పుస్తకం రాసినోడు మా ఇంటికి రాకుంటే నాదా తప్పు?"

సారుకు నవ్వొచ్చింది. మంచివాడే. "సరే, మౌనిక చెబుతానంటే చెప్పనిస్తాను" అన్నాడు.

గెలిచానని ఇంటికి వచ్చాను. పిల్ల మూతి ముడుచుకుని కూర్చుంది.

"నేను చెప్ప నాయినమ్మా. మల్ల నవ్వుతరు. చాక్లెట్ గురించి చెప్త."

"నవ్వనియ్యే! నీ మెడల గూడ ఏసిండు మీ మామ. ఫొటో ఉన్నది."

"అమ్మో, గా ఫొటో ఎవ్వలకు సూపియ్యకు!"

సారుకు నచ్చజెప్పవచ్చు. పుస్తకంతో కొట్లాడవచ్చు. తన మాటకు తానే సిగ్గుపడే పిల్లతో ఎట్లా కొట్లాడేది... చెప్పండి.

మా చిన్నప్పుడు ఈ మాటకు ఎవరూ అర్థం అడగలేదు. మెడలో పడగానే తెలిసేది. ఇప్పుడు అర్థం చెప్పినా నవ్వుతున్నారు...

మీ మెడలో మొదటి పేరు ఎవరు వేశారు? మీ ఊళ్లో దాన్ని ఏమంటారు? కింద రాయండి. శనివారంలోపే రాయండి. ఒక్కొక్కటీ రజితతో చదివించి పిల్లకు వినిపిస్తాను.

కాగితం మీద వేలిముద్ర వేసి, ఫొటో తీసి పెట్టించాను.

లచ్చమ్మ, ఎడమచేతి బొటనవేలు.

సాక్షులు: కోడలు రజిత. పక్కింటి సారక్క.

మూడో సంతకం మౌనికను పెట్టమన్నాను. "శనివారం అయినంక సూద్దాం" అంది. ఆ చోటు ఖాళీగా ఉంచమని రజితకు చెప్పాను.