పదో నంబరు బనియను

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, కళింగపట్నంలో ఒడ్డు మమ్మల్ని వదిలిపెట్టి నడిచి వెళ్లిపోవడం చూశాను. పడవలో ఉన్నది నేనూ, ఐదేళ్ల మా తమ్ముడూ. ఊయలలా ఊగుతుందని గుంజకున్న తాడు విప్పింది నేనే. కాసేపు బాగానే ఊగింది. తరవాత గుంజ చిన్నదైపోయింది, దాని పక్కన ఆరేసిన చేపలు చుక్కలయ్యాయి. సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ వంశధార నీరు సముద్రంలోకి లాగుతుందని నాకు తెలియదు. తమ్ముడు నవ్వడం మానేసి నా మొహంలోకి చూశాడు. భయం నాకు అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్లదాన్ని.

అవి అరవైల చివరి రోజులు. మా నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు. అక్కడి దొర హాస్టలు కుర్రాళ్లకి తన దేశపు ఆట నేర్పాడు, బేస్‌బాల్ అని. ఒకడు బంతి విసురుతాడు, ఎదుటివాడు గుండ్రటి కర్రతో కొట్టి పరిగెడతాడు. జట్టుకి తొమ్మిదిమంది. మా అమ్మ పాత గొడుగు గుడ్డ కత్తిరించి వాళ్ల బనియన్ల వీపున అంకెలు కుట్టింది. మిగిలిన పీలికలతో పదో నంబరు కూడా కుట్టింది. అందులో సున్నా ఒక పక్కకి ఒరిగిపోయింది.

ఆ బనియను హాస్టలు అన్నయ్య ఒకడికి దక్కింది. రోజూ సాయంత్రం అందరికీ బంతులు విసిరి సాధన చేయించేది అతనే. పోటీ రోజున మాత్రం గట్టు మీద కూర్చోబెట్టేవారు. "ఆడి బంతి మా మామ్మ కూడా కొట్టీగలదు" అని మిగతావాళ్లు వేళాకోళం చేసేవారు. నిజమే. ఎవరి కర్ర ఎక్కడికి అందుతుందో చూసుకుని సరిగ్గా అక్కడికే వేసేవాడు. మా నాన్నగారు ఒకసారి అదేమిటని అడిగితే, ముందు తగిలితేనే కదా మాస్టారూ కొట్టడం వచ్చేది అన్నాడట.

పడవ ఎక్కిన ఆ రోజు స్కూలు వాళ్లమంతా సముద్రం చూడ్డానికి వెళ్లాం. కుర్రాళ్లు ఇసకలో ఆడుకుంటున్నారు. మిగతా పడవలన్నీ వేటకి పోయాయి. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒక్కడే మమ్మల్ని చూసి కేకేశాడు. ఈదడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మా నాన్నగారు నడుముల్లోతు నీళ్లలోకి వచ్చి, ఈత రాక ఆగిపోయారు. ముసలాయన బంతికి వల ముక్క చుట్టి, దానికి పొడుగాటి సన్నతాడు కట్టాడు. ముందు జట్టు నాయకుడు విసిరాడు. అందరికన్నా చేతిబలం ఉన్నవాడు. బంతి తమ్ముడి చెవి పక్కన చెక్కకి ఠపీమని తగిలి నీళ్లలో పడిపోయింది. అందుకుందామని నేను లేచాను. పడవ పక్కకి వాలి నీళ్లు లోపలికొచ్చాయి.

"సంపీడానికి ఇసిరినట్టు ఇసిరితే ఎలాగ బావూ," అన్నాడట ముసలాయన. "పిల్ల సేతికి అందాల."

తాడు లాక్కుని బంతి పదో నంబరు బనియను అన్నయ్య చేతికిచ్చారు. అతను తొందరపడలేదు. ముందు నన్ను కేకేశాడు.

"లెగవొద్దు పాపా. కూకో. తాడే నీ ఒళ్లోకొస్తాది."

కూర్చున్నాను. బంతి మెల్లగా, ఎత్తుగా మా తలల మీంచి దాటి అవతల పడింది. తాడు నా ఒళ్లో వాలింది. దాన్ని పడవ చెక్కకి చుట్టి గట్టిగా పట్టుకున్నాను, ఒడ్డున అందరూ కలిసి లాగారు.

ఒడ్డుకి చేరాక మా నాన్నగారు నన్ను కొట్టలేదు. తడి బట్టలతో ఇసకలో కూలబడ్డారు. ఆ ఏడు తీసిన జట్టు ఫొటోలో తొమ్మిదిమందే ఉన్నారు. పదో అన్నయ్య చదువయ్యాక సాలూరులో లారీ ఆఫీసులో పనికి కుదిరాడని విన్నాను. మళ్లీ చూడలేదు.

కాలేజీలో ఉండగా స్నేహితురాళ్లతో కళింగపట్నం వెళ్లాను. నాలుగైదు పడవల ముందుభాగాన తారుతో పది అంకె వేసి ఉంది. అన్నిట్లోనూ సున్నా ఒరిగే ఉంది. ఏమిటని ఒకతన్ని అడిగాను. "ఏటో నాకూ తెల్దు. మా తాత ఏసీవోడు. అదుంటే పడవ ఒడ్డుకొస్తాది," అన్నాడు. ఆ అంకె నాకొక్కదానికే కాదు, ఇంకా చాలామందికి పనికొస్తోందని తోచింది. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

రేపు మా పిల్లల్ని స్కూలువాళ్లు సముద్రానికి తీసుకెళ్తారట. సాయంత్రం ఒక్క అరుపుతో వద్దన్నాను. ఇద్దరూ ఏడ్చి పడుకున్నారు. ఇదంతా రాశాక చూసుకుంటే, నా అరుపు కూడా చెక్కకి తగిలిన ఆ బంతిలాంటిదే. బలం ఉంది కానీ వాళ్లకి అందలేదు.

ఈ నాలుగు ముక్కలూ పొద్దున్న రాస్తున్నాను. జడ వేస్తూ, బూట్లు తొడుగుతూ జరిగిందంతా వాళ్లకి చెప్పాను, తాడు విప్పింది నేనేనని కూడా. తరవాత ఇలా అన్నాను: "వెళ్లి రండి. ఎక్కడైనా భయమేస్తే లేవకండి, కూర్చోండి. మీరు కదలకుండా ఉంటేనే, విసిరేవాళ్లకి మీరెక్కడున్నారో తెలుస్తుంది."