కొండ యాడికి పోతాది

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోతూ, ఆదివారం ఆదోని కోట కొండ ఎక్కే సంగతి స్నేహితుడితో ఫోనులో మాట్లాడుతున్నాను. తెల్లారగానే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే దిగాలని మా ఆలోచన. చివర్లో వాడు ఆదివారం కుదరదేమో అన్నాడు.

“అయితే వచ్చే వారం పోదాంలే. కొండ యాడికి పోతాది” అని ఫోను పెట్టేశాను.

కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన నా వైపు తిరిగాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తానని చెప్పాడు.

“నేనూ అట్లే అంటాంటినప్పా. కొండ మీదికి పోతే మన ఊరు కనపడ్తాదేమో సూద్దామని మా ఇంటామె అడుగుతాండె. ఈ చీర దిగినాక పోదామంటి. మగ్గం ఖాళీగా పెట్టకూడదు గదా. మగ్గం మీద నిలువుగా ఉండే పోగులు, అదే పాత పడుగు, అయిపోతానే దాని కొసలకే కొత్త పడుగు అతుకుతాము. ఇంగ తీరికేడిది? పోగులన్నీ ఆమే అతుకుతాండె.”

చేతిలోని టికెట్టు సన్నగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆమె పోయి మూణ్నెల్లాయ. ఆమె అతికిన పడుగు ఇంగా మగ్గం మీదే ఉంది. నేస్తే అయిపోతాదని నేయలే.”

ఆదోని కొండ కనిపించగానే ఆయన లేచి కిటికీ సీటు నాకిచ్చాడు. దిగేదాకా మళ్లీ అటు చూడలేదు.

ఆదివారం ఒక్కడినే ఎక్కాను. పైన నిలబడి చాలాసేపు వెతికాను. దూరాన, పొలాల చివర, పొద్దుటి ఎండకు మెరుస్తూ ఎమ్మిగనూరు కనిపించింది.

ఆయన పేరు అడగలేదు. అడగకపోవడమే మంచిదైంది; తెలిసుంటే, ఊరు కనిపిస్తుందని వెళ్లి ఆయనకు చెప్పాల్సి వచ్చేది.